రెడ్డెమ్మ చేని కాపలా తుపాకీ

నేను ఒక తుపాకీని. ఈ మాట చెప్పగానే మీరు ఒకడుగు వెనక్కి వేసే ఉంటారు. ఫరవాలేదు, నాకు అలవాటే. కానీ కంగారుపడి తలుపులు వేసుకోకండి. ఇన్నేళ్ల బతుకులో నేను చంపిన ప్రాణి ఒక్కటీ లేదు. నా పని చప్పుడు చెయ్యడం. మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కూరి, ఇనుప కడ్డీతో దట్టించి పేలిస్తే ఢామ్మంటాను. అడవి పందులు తోక ముడిచి కొండెక్కుతాయి. సినిమాల్లో నా దాయాదులు గాల్లో ఎగురుతూ ఎన్ని ఘనకార్యాలు చేస్తారో నాకు తెలుసు. నాకు మాత్రం వేరుశెనగ చేనే లోకం.

ఎక్కడో ఉత్తరాది ఊళ్లో, చిన్న కార్ఖానాలో పుట్టాను. నా గొట్టం నునుపు చేసిన ముసలాయన నన్ను కంటికి ఎదురుగా పట్టుకుని, దీంతో పులిని కొట్టొచ్చని పక్కవాడితో గొప్పలు చెప్పాడు. మనుషులకు తమ చేతిపని మీద ఉండే నమ్మకం అలాంటిది. నేనూ ఆ మాట నమ్మి, చిత్తూరులో ఒక కొట్టు గోడకు వేలాడుతూ పులి కోసం ఎదురు చూశాను. పులి రాలేదు. కొండ కింద పల్లె నుంచి చెంగల్రాయుడనే రైతు వచ్చాడు. పంట కాపలాకని లైసెన్సు తీసుకుని, నన్ను దుప్పట్లో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

చెంగల్రాయుడు భయస్తుడు. పందులంటే కాదు, లైసెన్సు పుస్తకంలో రాసిన షరతులంటే. తుపాకీని ఇంట్లో ఒంటరిగా వదలరాదని ఎవరో చదివి వినిపిస్తే, దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకు మనిషి కాపలా, ఆయన్ని చూసి చుట్టుపక్కల పల్లెల్లో తుపాకీ ఉన్న ఇళ్లలోనూ అదే ఆచారం. చేలో నేను పంటను కాస్తాను, ఇంట్లో వాళ్లు నన్ను కాస్తారు. ఈ లెక్కన ఎవరు ఎవరికి నౌకరో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆయన పోయాక ఒక్కగానొక్క కూతురు రెడ్డెమ్మ నన్ను తన పేరుకు మార్పించుకోవడానికి ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా కళ్లద్దాల మీదుగా చూసి, "ఆడమనిషివి, నీకు తుపాకీ ఎందుకమ్మా?" అన్నాడు.

"నేను ఆడమనిషినని పందులకు తెలీదు గద సార్," అంది రెడ్డెమ్మ.

నేను ఆమె చేతికొచ్చాను. ఆమె భర్త తిప్పన్న ఇల్లరికపుటల్లుడు, మెత్తని మనిషి. నేను పేలేముందు చెవులు మూసుకుంటాడు, పేలాక కూడా కాసేపు మూసుకునే ఉంటాడు. చుట్టాల ఇళ్లలో పెళ్లయితే రెడ్డెమ్మ పట్టుచీర కట్టుకుని బయల్దేరేది, తిప్పన్న నాకు తోడుగా మిగిలేవాడు. అలాంటి రోజుల్లో ఆయన నా వైపు చూసే చూపు, అబ్బ, సవతి కూడా అలా చూడదు.

మా కష్టకాలం ఒక పెళ్లి ఊరేగింపుతోనే మొదలైంది. పట్నంలో ఎవడో డబ్బున్నవాడు సంబరం పట్టలేక తుపాకీ గాల్లోకి పేల్చాడు, గుండు మేడ మీద నిలబడ్డ మనిషికి తగిలింది. చేసింది ఒకడు, నిద్ర లేకుండా పోయింది అందరికీ. కొత్త ఆంక్షలు వస్తున్నాయన్నారు. జిల్లాలోని లైసెన్సు తుపాకులన్నీ ఇకమీదట పోలీసు స్టేషన్లోనే ఉండాలట. అవసరం పడితే అర్జీ పెట్టుకుని తీసుకెళ్లి, పని కాగానే అప్పగించాలట. దీని మీద అభిప్రాయాలు చెప్పుకోవడానికి పంట కాపలా తుపాకులవాళ్లు కలెక్టరాఫీసుకు రావచ్చన్నారు.

అప్పటికి చేలో వేరుశెనగ మొక్కలకు ఊడలు నేలలోకి దిగి కాయ పడుతోంది. పందులకు ఆ వాసన మైలు దూరం నుంచి తెలుస్తుంది. ఒక్క మాపు మంద దిగితే, తెల్లారేసరికి చేను దున్నిపెట్టినట్టే. ఆ ఏడు ఆ చేను తప్ప రెడ్డెమ్మకు వేరే ఆధారం లేదు. ఆమె నా గొట్టానికి నూనె రాస్తూ కళ్లు తుడుచుకుంది. నేనూ భయపడ్డాను, దాచడమెందుకు? ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకులు అప్పగించాలంటే, స్టేషన్ గదిలో పడున్నదాన్ని. అక్కడ నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లుండరు, నూనె చుక్క రాసేవాళ్లుండరు.

పక్క చేని సుబ్బరాయప్ప వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఆయనకూ నాలాంటిదే ఒకటుంది.

"ఏమ్మే రెడ్డెమ్మా, పందులొచ్చినాక మనం అర్జీ రాసుకోని పోతే, అవి అంతదాకా గట్టు మీద కూచోనుంటాయంటనా?"

"ఆ మాటే పోయి కలెక్టరమ్మను అడుగుదాం పా మామా," అంది రెడ్డెమ్మ.

అనుకున్న రోజు చుట్టుపక్కల పల్లెల వాళ్లంతా ట్రాక్టర్లెక్కి బయల్దేరారు. అక్కడే జరిగింది పొరపాటు. ఇంటిల్లిపాదీ ఊరు దాటుతున్నారు, తుపాకీని ఒంటరిగా వదలకూడదు. అందుకని ఎవరి తుపాకీ వాళ్లు వెంట తెచ్చుకున్నారు! ఒక్కరికైనా ఇది వింతగా తోచలేదు. మేమంతా భుజాల మీద బారులు తీరి కలెక్టరాఫీసు గేటులోకి నడిచాం. కాపలా పోలీసు నోట్లో ఈల పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. జవాన్లు లోపలికి పరుగెత్తారు, కిటికీలు టపటపా మూసుకున్నాయి. పులి కోసం పుట్టానన్న పాత గర్వం ఆ క్షణాన నాలో కాస్త తలెత్తిన మాట నిజం.

ఎస్సై చెమటలు కక్కుతూ వచ్చి తుపాకులన్నీ గేటు పక్క షెడ్డులో పడేసి లోపలికి రమ్మన్నాడు.

"షెడ్డులో ఎవురుంటారు సార్ కాపలా?" అని అడిగింది రెడ్డెమ్మ.

"ఎవరూ ఉండరు. తాళం వేస్తాం."

"అట్లయితే మేము రాము."

ఎవరూ కదల్లేదు. ఎస్సై ఒక్కొక్క గొట్టం పరీక్షించాడు. అన్నీ ఖాళీ. మందు గింజ కూడా ఎవరూ తేలేదు. ఇక చేసేది లేక లోపలికి కబురు పంపాడు. రైతులు వేప చెట్టు కింద గోనెపట్టలు పరిచి మమ్మల్ని పడుకోబెట్టి, సద్దిమూటలు విప్పారు. సగం మంది తింటుంటే సగం మంది మా దగ్గర కూర్చున్నారు.

కలెక్టరమ్మ తనే మెట్లు దిగి వచ్చింది. చిన్న వయసు, కోపంగానే ఉంది. తిన్నగా వచ్చి నా ముందు ఆగింది. నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది తిప్పన్న. చూపు మాత్రం పక్కవాళ్ల రాగిసంగటి మీద ఉంది.

"మీరు తినడం లేదేం?" అని అడిగిందామె.

తిప్పన్న గుండెలో ఏళ్లుగా ఊరుతున్నదంతా ఒక్కసారి పొంగింది. "నా వంతు యాడొచ్చింది మేడం? ఎప్పుడూ ఇంతే! ఈ తుపాకీ ముండ మొకాన నేను ఒక్క పెండ్లికి పోలేదు. నా సొంత తమ్ముడి పెండ్లిలో తాళి కట్టేది చూడలేదు మేడం! ఇంట్లో దీన్ని ఒంటరిగా ఇడస్తే తప్పంట. మామ చెప్పె, ఈమె పట్టుకునె. ఇప్పుడైనా దీన్ని మీరే పెట్టుకోండి తల్లీ, నేను ఒక పూట పప్పన్నం తింటా!"

రెడ్డెమ్మ నెత్తి కొట్టుకుంది. సుబ్బరాయప్ప, "ఇంటి దొంగవి గదప్పా నువ్వు!" అని అరిచాడు. మా పని అయిపోయిందని నేనూ అనుకున్నాను.

కానీ కలెక్టరమ్మ నవ్వింది. పకపకా కాదు, పెదవి బిగబట్టి, కళ్లతో. తర్వాత గోనెపట్టల పొడుగునా చూసింది. ఒక్కొక్క గొట్టం పక్కన ఒక్కొక్క మనిషి.

"తుపాకులు ఇళ్లలో దిక్కులేకుండా పడుంటాయనే కదా మన భయం?" అంది ఎస్సైతో. "మన స్టేషన్లో వీటిని ఒక్కొక్కటిగా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లున్నారా?"

ఆమె వెనక్కి వెళ్లి మెట్ల మీదే కూర్చుని అందరి మాటా వింది. దొంగతనాల సంగతి అడిగింది, పిల్లల చేతికందితే ఎలాగని గట్టిగా నిలదీసింది. చివరికి లేచి తేల్చి చెప్పింది. పంట కాపలా తుపాకులు రైతుల ఇళ్లలోనే ఉంటాయి. అయితే గోడకు బిగించిన ఇనుప పెట్టె, దానికి తాళం తప్పనిసరి. "పెట్టెలో పెట్టి తాళం వేశాక," అని తిప్పన్న వైపు తిరిగింది, "మీరు పెళ్లిళ్లకు వెళ్లొచ్చు."

ఈలలు, కేకలు! సుబ్బరాయప్ప కండువా గాల్లోకి విసిరాడు. రెడ్డెమ్మ మొగుడి నోట్లో సంగటి ముద్ద పెట్టింది, అందరి ముందరే. తిప్పన్న నన్ను గుండెకు హత్తుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో అదే మొదటిసారి.

ట్రాక్టర్లు ఊరు చేరేసరికి పొద్దు కొండ మీద ఉంది. రెడ్డెమ్మ ఇంటికి పోలేదు. నన్ను భుజాన వేసుకుని తిన్నగా చేనికి వచ్చి మంచె ఎక్కింది. కింద గట్టు పక్కన పొదలు కదిలాయి. ఒక పెద్ద పంది మూతి బయటపెట్టింది, దాని వెనక మంద. పొద్దున్నుంచి పల్లెలో ఎవరూ లేరని వాటికీ కబురందినట్టుంది. ఆమె తొందరపడలేదు. మంచె మీది డబ్బాలోంచి మందు పోసింది, పీచు కూరింది, దట్టించింది, ఆకాశానికి ఎత్తింది.

పేలాను. కొండ మారుమోగేలా, నా పుట్టుకకు ఒక అర్థం ఉందనిపించేలా పేలాను. మంద చెల్లాచెదురై అడవిలోకి దూకింది. ఆ వెంటనే పక్క చేలోంచి సుబ్బరాయప్పది, దాని అవతలి చేలోంచి ఇంకొకటి, కొండ వారగా ఒక్కొక్క చేనూ బదులు పలికింది. రెడ్డెమ్మ మంచె దిగి, ఒక మొక్క పీకి చూసింది. గుత్తులు గుత్తులుగా కాయ. ఒకటి చిదిపి నోట్లో వేసుకుంది, గింజ ఇంకా లేతగా, పాల మీదే ఉంది.

"ఈ పంట మనదే," అంది నాతో.