పదకొండు గంటల దారం

విమాన టిక్కెట్ల ఆఫీసులో మూడో కౌంటరు అమ్మాయికి రోజూ అదే పని. గోడమీది మ్యాపులో బయల్దేరే ఊరి చుక్కమీద ప్రయాణికుడు దారం కొస అదిమిపట్టి, ఎందుకు వెళ్తున్నాడో పైకి చెప్పాలి. ఆమె రెండో చుక్కదాకా దారం లాగి, కత్తిరించి వాళ్ళ చేతికిస్తుంది. వేలి మందానికి గంట ప్రయాణం. అవే రెండు ఊళ్ళు, అదే విమానం, అయినా ఒక్కొక్కరికి ఒక్కో పొడవు. పక్క సీటువాడు దిగిపోయాక కూడా, ఇష్టంలేని బదిలీమీద వెళ్ళేవాళ్ళు ఇంకో మూడు గంటలు గాల్లోనే ఉంటారు. అందుకెవరూ ఆశ్చర్యపోరు. భోజనం చల్లారిపోయిందని మాత్రం ఫిర్యాదులొస్తాయి.

ఆ సాయంత్రం షట్టరు దించే వేళకి బావ ఫోన్ చేశాడు.

"రేపు నాలుగింటికి మీ అక్కకి గొంతు ఆపరేషన్. ఇక మాట ఉండదట. నీకు చెప్పొద్దంది. ఉండబట్టలేక చెప్తున్నా."

ఆరేళ్ళుగా అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. "నీకు వాదించడమే తప్ప వినడం రాదే" అంది అక్క చివరిసారి. చెల్లెలు దానికి సరైన జవాబే ఇచ్చింది. ఎంత సరైనదంటే, అక్క మళ్ళీ ఫోనెత్తలేదు.

అక్క ఊరు తొమ్మిదివేల కిలోమీటర్ల దూరం. రెండు ఊళ్ళలోనూ గడియారాలు ఒకటే. ఉన్నది ఒకే విమానం, పొద్దున ఆరింటికి. అచ్చేసిన లెక్క పదకొండు గంటలు. అంటే దిగేసరికి ఐదు.

పక్క కౌంటరు కళ్ళజోడాయన లేచొచ్చాడు. "ఎవరి దారం వాళ్ళు కొలుచుకోకూడదు. పట్టుకో, నేను లాగుతా. ఎందుకెళ్తున్నావు?"

"అక్కని చూడ్డానికి."

పదిహేను వేళ్ళొచ్చింది.

"ఇన్నేళ్ళు ఇక్కడ కూర్చుని దారానికే టోపీ పెడతావా తల్లీ? మళ్ళీ చెప్పు."

"క్షమించమని అడగడానికి."

పదమూడు.

ఆమెకి ఒళ్ళు మండింది. "తప్పు నాది కాదండీ! ఇప్పటికీ కాదు! అయినా సరే, అక్క నన్ను నోరారా ఒక్కసారి తిట్టాలి. ఎదురుచెప్పకుండా నేను వినాలి. చాలా?"

దారం తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. మూడున్నరకి దిగితే, ఆస్పత్రికి ఇంకో అరగంట. స్ట్రెచర్ వెనక పరిగెత్తడానికి సరిపోతుంది, వినడానికి కాదు.

"ఇంతకంటే నీ వైపు నుంచి తగ్గదమ్మా" అన్నాడాయన మెల్లగా.

అయినా ఎక్కింది.

ఒంటిగంటన్నరకి చక్రాలు నేలకి తగిలాయి. పక్క సీటాయన ఇంకా గాల్లోనే ఉన్నాడు. ఆమె దారం తీసి కొలుచుకుంది. ఏడున్నర. మళ్ళీ కొలిచింది. ఏడున్నరే.

ఆస్పత్రి గదిలో అక్క మంచంమీద కూర్చుని ఉంది. దుప్పటి అంచు మూరెడు ఊడిపోయింది. ఆ దారమంతా అక్క చూపుడువేలికి ఉండలా చుట్టుకుని ఉంది.

"వస్తున్నావని మీ బావ చెప్పాడు. రెండు గంటలుంది" అంది అక్క బొంగురుగా. "కూర్చో. నీ ఆరో ఏట నుంచి మొదలెడతా. ఆ రోజు నా పలక పగలగొట్టింది నువ్వే."

కాదు. పగలగొట్టింది పక్కింటి పిల్ల. చెల్లెలికి బాగా గుర్తుంది, సాక్షులు కూడా ఉన్నారు. నోరు తెరిచింది.

మూసుకుని, స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది.