కవచంలో టీ తాగడమెలా

పెళ్లయి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే నా ముఖం వీడియో గేమ్‌లోకి ఎక్కింది! మా ఆయన సోహెయి క్యోటోలో ఒక గేముల కంపెనీలో సమురాయ్‌లకు బట్టలు, కవచాలు తయారుచేస్తాడు. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన వీరుడికి భార్య టీ ఇచ్చే సన్నివేశం అతనిదే. ఆ భార్య ముఖం నాది, ముక్కు పక్కన మచ్చతో సహా.

కానీ వీరుడు చాప మీద మోకాళ్లు మడిచి కూర్చున్నప్పుడల్లా నడుము కింద వేలాడే కవచం రేకుల్లోంచి తొడలు పొడుచుకొస్తున్నాయి.

"సోమవారానికి కుదరకపోతే ఆ సీన్ ఎత్తేస్తారట, చిగుసా."

"అంటే నన్ను ఎత్తేస్తారా?"

"నిన్ను కాదు, నీ ముఖాన్ని."

"అదేదో పెద్ద తేడా అయినట్టు!"

ఒదవారాలో పళ్ల డాక్టరైన మా నాన్న, వసంతంలో మా ఊరి ఊరేగింపుకు కవచం వేసుకుంటాడు. నిజం కవచం వేసి చూద్దామని అడిగితే చెక్కపెట్టెతో సహా పంపించాడు. శనివారం పొద్దున్నే ఫోన్‌లో ఆయన చూస్తుండగా సోహెయికి కట్టడం మొదలుపెట్టాను.

"ఎడమ కాలు ముందు! ఎడమ! పెళ్లయ్యాక కుడీ ఎడమా మరిచిపోయావా? అల్లుడుగారూ, ఊపిరాడుతోందా?"

"కొంచెం కొంచెం, మామయ్యగారూ."

"చాలు. అంతకన్నా ఎక్కువెందుకు?"

ఇక కూర్చోవడం. సోహెయి మోకాళ్లు వంచగానే రేకులన్నీ కింద పోగుపడి, ఛాతీ కవచం గడ్డం దాకా ఎగదన్నింది. గలగలమంటూ పక్కకు ఒరిగి, తిరగబడ్డ తాబేలులా కాళ్లు ఆడించాడు. నవ్వుతూ లాగితే లేస్తాడా? నేనూ పడ్డాను. చివరికి ఎలాగో లేచి, ఆయాసంతో కవచం పెట్టె మూత మీద కూలబడ్డాడు.

రేకులు వాటంతటవే విడిపోయి తొడలకు అటూ ఇటూ బుద్ధిగా వేలాడాయి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"మేమూ అలాగే కూర్చుంటాం. ఊరేగింపు ఆగితే నడివీధిలో చాపెవరు పరుస్తారు?" అన్నాడు నాన్న.

"ముందే చెప్పొచ్చుగా నాన్నా!"

"కట్టడం ఎలా అని అడిగారు. కూర్చోవడం ఎలా అని ఎవరడిగారు?"

సంతోషం పట్టలేక టీ పెట్టి తెచ్చాను. భుజాల పలకలు అడ్డు, చెంపల మీద శిరస్త్రాణం తాళ్లు అడ్డు. కప్పు అతని నోటిదాకా పోదు. నేనే నిలబడి తాగించాను.

"స్స్! కాలుతోంది!" అన్నాడు. మరుక్షణం అతని కళ్లు మెరిశాయి. "కదలకు. అలాగే నిలబడు. చెయ్యి తియ్యకు."

సోమవారం తెరమీద వీరుడు పెట్టె మీద కూర్చున్నాడు. భార్య నిలబడి టీ పట్టింది. బాస్ మళ్లీ వేయించుకుని చూశాడట.

"ఇంతమందిని నరికినవాడు కప్పు టీ తాగలేడా?" అని పగలబడి నవ్వి, "ఉంచండి" అన్నాడట.

అలా నేను ఆటలో ఉండిపోయాను. మొదటి గుక్కకు వీరుడు "స్స్!" అంటాడు. గొంతు ఎవరిదో మా ఇంట్లో ఇద్దరికే తెలుసు. నాన్నకు కూడా తెలుసనుకోండి, ఆ శనివారం టీ తాగించేటప్పటికి ఆయన ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు మరి.