నొప్పి తీసే చెయ్యి

నర్మద పెనం మీద అట్టు తిరగేస్తుండగా హాల్లోంచి కేక వినిపించింది. "ఆ అట్లు తరవాత పోద్దువుగాని, ముందిలా వచ్చి చెయ్యి వెయ్యి!"

పొయ్యి తగ్గించి వెళ్ళింది. అత్తగారు వేదవతి అప్పటికే చీర మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు చాపి కూర్చుంది. నర్మద చేతులు ఆనించగానే ఆవిడ "అమ్మయ్య" అని కళ్ళు మూసుకుంది. ఆ పోటు నర్మద మోకాళ్ళలోకి దిగింది. ఇంక పొద్దుగూకేదాకా అది తనదే. తిరిగొచ్చేసరికి అట్టు మాడింది. "ధ్యాస ఎక్కడుంటుందో మహాతల్లికి!" అంది అత్తగారు, హాయిగా నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి.

ఈ చెయ్యి తనకు కావాలని నర్మద ఏనాడూ కోరుకోలేదు. పుట్టింట్లో ఈ సంగతి దాచారు. పెళ్ళయిన కొత్తలో భర్త ఫణికిరణ్ తలనొప్పికి నుదురు తాకింది, అంతే. "టాబ్లెట్టులాంటి పెళ్ళాం దొరికింది" అని నవ్వాడు. ఆఫీసునుంచి రాగానే తల తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టేవాడు. తరవాత ఆడపడుచు నడుం, మామగారి పన్ను, పై వాటా వాళ్ళ మెడ. ఆమె మంచం పట్టిన రోజుల్లో మాత్రం, "నీది నువ్వు తీసుకోలేవా?" అని హాస్యమాడేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే ఫణికిరణ్ గుండె పట్టుకున్నాడు. ఆస్పత్రికి వెళ్దామని ఆమె కాళ్ళావేళ్ళా పడింది. "నీ చెయ్యుండగా ఆస్పత్రెందుకే" అని ఆ చేతిని లాగి రొమ్ము మీద పెట్టుకుని సుఖంగా నిద్రపోయాడు. మళ్ళీ లేవలేదు. ఆనాటినుంచి ఆ ఇంట్లో ఆమె పేరు మంత్రగత్తె. మొగుణ్ణి మింగిందని చుట్టాలకు చెప్పే నోటితోనే, "రా, మోకాలు సలుపుతోంది" అని పిలిచేది వేదవతి. నర్మద తలొంచుకుని వెళ్ళేది. ఎక్కడికి పోతుంది? ఎక్కడికి పోయినా ఈ చెయ్యి వెంటే వస్తుంది కదా.

మామగారి పుస్తకాలు మార్చడానికి శనివారాలు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళడమొక్కటే ఆమెకు ఊపిరి. అక్కడే కళ్యాణ్ కనిపించాడు. మహబూబ్‌నగర్ మనిషి, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్తాడు. బండి ప్రమాదంలో భుజం విరిగి లోపల రాడ్ వేశారు. పై అరలోని పుస్తకం అందుకోబోయి అతను "అబ్బా" అన్నాడు. పక్కనే ఉన్న ఆమె చెయ్యి అలవాటుగా వెళ్ళి ఆ భుజాన్ని తాకింది.

నొప్పి పోయినవాళ్ళందరూ ఇన్నేళ్ళూ హాయిగా కళ్ళు మూసుకున్నారు. అతనొక్కడే ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏమైందండి మీకు? ఇట్ల తెల్లబడ్డరేంది? జర కూసోండి." మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె దాచలేక చెప్పేసింది. అతను నవ్వలేదు, భయపడలేదు. "ఇంకోసారి నన్ను ముట్టకుండ్రి. ఇంత నొప్పి మీకెందుకు?" అన్నాడు.

నారాయణగూడ ఇరానీ హోటల్లో చాయ్ తాగడం అలా మొదలైంది. అతను కుర్చీ కాస్త దూరంగా జరుపుకుని మరీ కూర్చునేవాడు. ఇంట్లో ఎవరెవరికి ఎక్కడ నొప్పో అడిగేవాడు కాదు. ఆమెకు ఏ కూర ఇష్టమో అడిగాడు. జవాబు కోసం ఆమె చాలాసేపు వెతుక్కోవలసి వచ్చింది.

వర్షాకాలంలో ఒక సాయంత్రం, చౌరస్తా దాటుతుంటే బస్సొకటి మీదికొచ్చింది. కళ్యాణ్ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుని అవతలికి లాగాడు. ఆ తరవాత కూడా వదల్లేదు, ఆమె వదిలించుకోనూ లేదు. ఫర్లాంగు నడిచాక ఆమెకు గుర్తొచ్చి ఆగిపోయింది.

"మీ భుజం నొప్పి లేదా ఇవాళ?"

"వాన పడ్డదంటె మస్తు నొస్తది. ఎందుకు?"

ఆ నొప్పి ఆమెలోకి రాలేదు. తీసుకోవాలని తను అనుకోలేదు, చెయ్యి తీసుకోలేదు. చేతిలో చెయ్యి మాత్రమే ఉంది, వెచ్చగా, కాస్త గరుగ్గా. నర్మద నడిరోడ్డు మీద ఏడ్చింది.

"నాతోటి ఉంటరా?" అన్నాడు కళ్యాణ్ మెల్లగా. "తొందరేం లేదు. ఆలోచించుండ్రి."

ఆమె కళ్ళు తుడుచుకుని బస్సెక్కింది. ఇంటికొచ్చేసరికి కబురు ముందే చేరింది. వేదవతి గుమ్మంలోనే అందుకుంది. "రోడ్డు మీద చేతులు పట్టుకు తిరుగుతున్నావటగా! మంత్రగత్తెని ఎవడు ఏలుకుంటాడే? అయినా నువ్వు పోతే నన్నెవరు చూస్తారు?" ఆ మాట అంటూనే కుర్చీలో కూలబడి, నర్మద మణికట్టు పట్టి లాగి అరచేతిని మోకాలికి అదిమింది.

నర్మద చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగే ఉంచి, లోపల ఎక్కడో ఎన్నడూ వెయ్యని తలుపు వేసింది. నిమిషం గడిచింది. వేదవతి కళ్ళు తెరిచింది.

"తగ్గలేదేం?"

"నేను తీసుకోలేదు, అత్తయ్యగారూ."