పద్దెనిమిదో కవరు

గొర్రె బొమ్మ వీపు మీద అంటించిన దూది ఉండను టీచరమ్మ గోటితో పీకి చూసింది. ఊడి వచ్చింది. కాగితం చిరగలేదు. జిగురు సరిగ్గా కుదిరిందన్నమాట. మరీ గట్టిగా పట్టేస్తే తీసివేతలకు పనికిరాదు. పది ఉండల్లోంచి నాలుగు పీకి, ఎన్ని మిగిలాయో పిల్లలు తడిమి చెప్పాలి. వేలికి తెలిసిందే బుర్రకు ఎక్కుతుందని ఆమె నమ్మకం.

బడి గంటకు ఇంకా ముప్పావుగంట ఉంది. ఒకటో తరగతి గదిలో ఉన్న ఒక్క పెద్ద కుర్చీకి కాలు విరిగి రెండేళ్లయింది. బాగుచేయించమని నాలుగుసార్లు రాసిచ్చి మానేసింది. మోకాళ్లు గడ్డానికి తగిలేలా పిల్లల కుర్చీలోనే కూర్చుని కత్తిరిస్తుంది. కత్తెర పిడికి పాత గుడ్డ పీలిక చుట్టి ఉంటుంది. అది లేకపోతే బొటనవేలి మీది కాయ ఒరుసుకుని రక్తం వస్తుంది. తోటివాళ్లు ఆమెను కత్తెర టీచర్ అంటారు. ఎదుట అనరు. అంటారని ఆమెకు తెలుసు.

క్రిస్మస్ సెలవులకు ఇంకా పద్దెనిమిది బడిరోజులు. ముప్పై ఒక్క ఏళ్లుగా పండుగ ముందు ఆమెది ఒకటే పద్ధతి. పిల్లలు ఎంతమంది ఉంటే అన్ని కవర్లు చేసి, గోడ పొడుగునా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలిస్తుంది. పిల్లలు ఎక్కువైన ఏళ్లలో రోజుకు రెండు, లేకపోతే ఒకటి. ప్రతి కవరులో ఒక పని. పొట్టి కొవ్వొత్తి నుంచి పొడుగు కొవ్వొత్తి దాకా వరసగా పేర్చడం. అయిదు కొనల నక్షత్రాలూ ఆరు కొనల నక్షత్రాలూ విడదీయడం. కళ్లు మూసుకుని గంట ఎన్నిసార్లు మోగిందో చెప్పడం.

కవరు మీద పేరు ఉండదు, గుర్తు ఉంటుంది. అక్షరాలు రాకముందే పిల్లలకు ఆమె తలా ఒక బొమ్మ ఇస్తుంది. ఆకు, చేప, నిచ్చెన, తాళంచెవి. సంచి తగిలించే కొక్కెం పైన గోడకు అదే బొమ్మ అంటిస్తుంది. ఎవరి గుర్తున్న కవరు వాళ్లే విప్పాలి, లోపలి చీటీ పైకి చదవాలి, మిగతావాళ్ల చేత పని చేయించాలి. ఆ పూటకు వాళ్లే టీచరు.

పదిహేడు కవర్లు తయారయ్యాయి. పద్దెనిమిదోది తెల్లగా ఉంది.

అది కొత్త పిల్లది. ఏడాది మధ్యలో వచ్చి చేరింది. నెలన్నరైంది, నోరు విప్పలేదు. ఆమె కొక్కెం పైన గోడ ఖాళీగానే ఉంది. పిల్లను నాలుగు రోజులు చూశాకగానీ టీచరమ్మ గుర్తు ఇవ్వదు. ఈ పిల్లను చూడటానికి నెలన్నర పట్టింది.

తలుపు దగ్గర పెద్దమేడమ్ చెప్పులు ఆగాయి.

“ఇంకా దూదేనా టీచర్? పత్తి చేను వేసేశారుగా గదిలో!”

“కూర్చోండి మేడమ్.”

“ఎక్కడ కూర్చోను, మీ బొమ్మరింటి కుర్చీల్లోనా? లేస్తే కుర్చీ కూడా నాతోనే వస్తుంది.” నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. “ఆ కొత్త పిల్ల సంగతి ఏం చేశారు?”

“నేర్చుకుంటోంది.”

“నోరు తెరవని పిల్ల నేర్చుకుంటోందో లేదో మీకెలా తెలుసు? సెలవుల తర్వాత కింది తరగతికి పంపేస్తాను.”

“పంపితే ఇక అసలు మాట్లాడదు మేడమ్. ఆఖరి రోజు దాకా ఆగండి. ఆ రోజు మీ ముందు ఒక వాక్యం చదివిస్తాను.”

“ఒక్క వాక్యమా?”

“ఒక్కటే.”

“చదివితే ఇక్కడే ఉంటుంది. లేకపోతే కిందికే. మళ్లీ నా దగ్గర బతిమాలడాలు వద్దు.”

పెద్దమేడమ్ వెళ్లాక టీచరమ్మ ఎడమ భుజం నొక్కుకుంది. వారంగా లాగుతోంది. కత్తెర పట్టేది కుడిచేతితో, నొప్పి ఎడమవైపు. అది ఆలోచించవలసిన విషయమే. సెలవుల్లో ఆలోచించవచ్చు అనుకుంది.

మధ్యాహ్నం పిల్లలు పెట్టెల ఆకారాలకు రంగులు వేస్తుంటే, టీచరమ్మ వెళ్లి కొత్త పిల్ల పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఎప్పటిలాగే పుస్తకంలోంచి కాగితం చింపి పడవ చేస్తోంది. మొదట్లో టీచరమ్మకు కోపం వచ్చేది. పుస్తకం సగం అయ్యాక కోపం పోయింది. చిన్న వేళ్లు మడతను గోటితో గీసి పదును తేల్చే తీరు ఆమెకు నచ్చింది. ఆ పడవల మీదే అక్షరాలు రాసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకదాని మీద ప, ఒకదాని మీద డ, ఒకదాని మీద వ. చూపించమంటే వేలితో చూపించేది. తర్వాత ‘ఈ’ అక్షరం నేర్చుకుంది. ఇంకొక్క అక్షరం కావాలి.

ఇవాళ పడవ మీద ‘నా’ అని రాసింది.

“ఇదేమిటమ్మా?”

పిల్ల చూసింది. కిటికీ వైపు చూసింది. మళ్లీ అక్షరం వైపు చూసింది. తర్వాత టీచరమ్మ భుజం పట్టుకుని, నొప్పి ఉన్న భుజమే, చెవిని తన నోటి దగ్గరికి లాక్కుంది.

“నా,” అంది.

ఊపిరికన్నా కొంచెం పెద్దగా, అంతే. టీచరమ్మ కదలలేదు. కదిలితే భయపడుతుందని.

“మళ్లీ చెప్పు.”

“నా.”

అయిదు అక్షరాలూ వచ్చాయి. ఈ పడవ నా పడవ. వాక్యం అయిపోయింది.

ఇంటికి వెళ్లేముందు రెండో తరగతి టీచర్ ఎదురైంది. “ఏంటక్కా, మొహం వెలిగిపోతోంది? పెద్ద కుర్చీ ఇచ్చారా?”

“అంతకన్నా పెద్దదే,” అంది టీచరమ్మ. నవ్వబోతే ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని నిలబడింది.

“కాస్త ఇంట్లోనైనా ఆ కత్తెర కింద పెట్టు. నీతోపాటే పంపించాల్సి వస్తుంది దాన్ని.”

ఇంట్లో భర్త కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుతున్నాడు. తూనికల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఒక్క కాగితం ముక్క కత్తిరించిన మనిషి కాదు. ఆమె సంచి బల్ల మీద బోర్లించి దీపం వేసింది. బయట ఇంకా వెలుతురు ఉంది.

“ఏమండీ, ఈ కవరు అంచు కాస్త పట్టుకుంటారా? నొక్కి అంటించాలి.”

“నా చేతికి జిగురంటుతుంది.”

ఆమె మోచేత్తో నొక్కి పట్టుకుంది. పద్దెనిమిదో కవరు మీద నీలిరంగుతో పడవ వేసింది. చీటీ మీద ఆ ఒక్క వాక్యమే పెద్ద అక్షరాలతో రాసింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య చిన్న వేలు పట్టేంత జాగా వదిలింది. లోపల పెట్టి మూత అంటించి, దాన్నీ మోచేత్తో నొక్కింది. పని పుస్తకంలో ఆఖరి పేజీ తీసి రాసుకుంది: పద్దెనిమిదో రోజు. పడవ. కొత్త పిల్ల. పెద్దమేడమ్ ముందు చదవాలి. తొందరపెట్టకూడదు.

“ఆ కొత్త పిల్ల ఇవాళ మాట్లాడిందండీ.”

“ఊఁ.”

“దానికి పడవ గుర్తు ఇస్తున్నాను. రేపు పొద్దున్నే కొక్కెం పైన అంటించి చూపిస్తాను. ఎంత సంతోషిస్తుందో.”

“ఊఁ.”

“వింటున్నారా?”

“వింటూనే ఉన్నాను. పడవ. ముప్పై ఏళ్లుగా కాగితం ముక్కలేగా ఈ ఇంట్లో.”

ఆమె కత్తెర అందుకుంది. కొక్కెం పైన అంటించాల్సిన రెండో పడవను అట్ట మీద గీసి కత్తిరించడం మొదలుపెట్టింది. కత్తెర చప్పుడు, పేపరు చప్పుడు. అతను ఒక పేజీ చదివాడు. తిప్పాడు. ఇంకో పేజీ చదివాడు. ఇల్లు చాలాసేపటి నుంచి నిశ్శబ్దంగా ఉందని అప్పుడు తోచింది.

“కాఫీ పెట్టవా?”

ఆమె తల బల్ల మీద ఉంది. కత్తెర వేళ్లకే ఉంది. పడవ సగం దాకా తెగి ఆగింది.

తర్వాత జనం వచ్చారు. పక్కింటావిడ బల్ల మీది ముక్కలన్నీ ఊడ్చి బుట్టలో పోసింది. సగం పడవ కూడా వాటితో పోయింది. ఎవరెవరికి కబురు చేయాలో రాసుకోవడానికి భర్త కాగితం వెతికాడు. చేతికి పని పుస్తకం దొరికింది. ఆఖరి పేజీ చించి, వెనకవైపు బంధువుల నంబర్లు రాశాడు. ఆ కాగితం ఎవరో పట్టుకెళ్లారు. తిరిగి రాలేదు.

నాలుగో రోజు సంచి బడికి తెచ్చి ఇచ్చాడు. ఆమె జాగాలోకి ఒక కొత్త టీచర్ వచ్చింది. చిన్న వయసు. కవర్లు జాగ్రత్తగా తీసి కొక్కేలతో సరిచూసుకుంది.

“పదిహేడు సరిపోయాయండీ. దీని మీద పడవ ఉంది. గోడ మీద పడవ లేదు. కొత్త పిల్లకింకా గుర్తే ఇవ్వలేదంటున్నారు, బడి మానేసిన పిల్లలెవరిదో అయి ఉంటుంది. ఎవరిదో మీకేమైనా చెప్పారా?”

అతను కవరు వైపు చూశాడు. నీలం పడవ. ఎక్కడో విన్నట్టే అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు.

“నాకేమీ చెప్పలేదమ్మా,” అన్నాడు.

కవర్లు ఒక్కొక్కటే విప్పారు. పోయిన రోజులకు బదులు కొన్ని పూటలు రెండేసి విప్పారు. చేప కొవ్వొత్తులు పేర్పించింది. నిచ్చెన గంటలు లెక్కపెట్టించాడు. దూది ఉండలు చిరగకుండా ఊడి వచ్చాయి. కొత్త పిల్ల రోజూ తాడు చివరనున్న పడవ వైపే చూస్తూ కూర్చునేది.

ఆఖరి రోజు పెద్దమేడమ్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఒక్కటి మిగిలిందిగా. ఎవరిది?”

“పిల్లలూ, పడవ ఎవరి గుర్తు?” అంది కొత్త టీచర్.

“ఎవరిదీ కాదు టీచర్!” పదిహేడు గొంతులు.

కొత్త పిల్ల పెదవులు విడిపోయాయి. ఎవరైనా చెవి వంచి ఉంటే వినిపించేదేమో. ఎవరూ వంచలేదు.

“అది ఉంచండి. ఆ చివర పిల్ల ఏమైనా చదువుతోందా?”

“నోరే విప్పదండీ.”

“అనుకున్నాను. పాపం, ఆవిడ ఊరికే ఆశపడింది. సెలవుల తర్వాత కిందికి పంపించండి.”

పిల్లలు సంచులు తగిలించుకుని అరుచుకుంటూ వెళ్లారు. ఖాళీ గోడ కింది కొక్కెం నుంచి సంచి అన్నిటికన్నా ఆఖరున కదిలింది. ఆయమ్మ కిటికీలు మూసి తాళం వేసింది.

తాడు మీద పదిహేడు క్లిప్పులు ఖాళీగా ఉన్నాయి. పద్దెనిమిదోది పట్టుకున్న కవరు మీద నీలం పడవ. మూత మీద, మోచేత్తో నొక్కిన చోట, జిగురు ఎండి గట్టిగా పట్టేసింది.