అమ్మ రంగు

"నీ రంగుల ప్లేటు తోమేశాను, చూడు ఎలా మెరుస్తోందో" అన్నాడు మా ఆయన, తడి చేతులు చొక్కాకి తుడుచుకుంటూ.

ఆదివారం ఉదయం. బాల్కనీలో బట్టలు ఆరేసి, ఖాళీ బకెట్‌తో అప్పుడే వంటింట్లోకి వచ్చాను. సింకు పక్కన నేను రంగులు కలుపుకునే ప్యాలెట్ బోర్లించి ఉంది. గుంటలన్నీ తెల్లగా, కొత్తదానిలా ఉన్నాయి. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన తోమిన మొదటి గిన్నె అదే. మాడిన పాలగిన్నె మాత్రం సింకులో అలాగే నానుతోంది.

నిన్న నేనే నోరు తెరిచి అడిగాను. "ఆదివారం నాకో గంట వదలండి, పనిలో కాస్త చెయ్యి వెయ్యండి" అని. ఆ మాట అడగడానికి నెల రోజులు ధైర్యం కూడదీసుకున్నాను. "సరేలే, దానికింత మొహం వేలాడేసుకోవాలా" అన్నాడు. అత్తయ్య మాత్రం "పెళ్ళాం బొమ్మలేస్తుంటే మొగుడు అంట్లు తోమాలా, బాగుంది సంబడం" అని గొణిగింది.

పెళ్ళికి ముందు నేను బొమ్మలు బాగానే వేసేదాన్ని. తర్వాత ఆ చెయ్యి ఆఫీసుకి పనికొచ్చింది. ఎవరు రిటైరైనా సరే, "మీది తిరిగిన చెయ్యి కదా మేడమ్" అంటూ భోజనాల వేళకి వీడ్కోలు బొమ్మ వెయ్యమని చార్టు తెచ్చి నా బల్ల మీద పడేస్తారు. ఇంట్లో పాప బడి ప్రాజెక్టులు. నాకంటూ ఒక్క బొమ్మ వేసుకోలేదు. కిందటేడు అమ్మ పోయాక, ఆమె ముఖం వెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. అమ్మది మంచి చామనఛాయ. ఉన్న ఫోటోలు నాలుగూ నా పెళ్ళి ఆల్బమ్‌లోవే. వాటిలో స్టూడియోవాడు ఆమెను తెల్లగా చేసేశాడు. "పెళ్ళికూతురి తల్లి అంత నల్లగా కనిపిస్తే ఏం బాగుంటుంది" అని మా అత్తవారే చెప్పి మరీ చేయించారు. అమ్మ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. అందుకని ఆ రంగు గుర్తున్నంత మేరకు నేనే కలుపుకోవాలి.

ఆరు ఆదివారాలు, దొరికిన అరగంటలో, ఇటుకరంగులో కాస్త నీలం, కాస్త పసుపు వేసి చూస్తూనే ఉన్నాను. పోయిన వారం మూల గుంటలో సరిగ్గా ఆ రంగు వచ్చింది. "ఇదే" అని పైకే అనేశాను. అంతలో "అమ్మా, ఆకలి" అని పాప కేక. కాగితానికి బ్రష్ తగిలించకుండానే లేచాను. ఈ రంగులు ఎండినా పాడవవు, తడి బ్రష్ తగిలితే మళ్ళీ లేస్తాయి. వచ్చే వారం వేసుకోవచ్చులే అనుకున్నాను.

"అది మురికి కాదండీ" అన్నాను.

"మరేంటి? ఎండి అట్టకట్టింది. పీచు పెట్టి రుద్దితే గానీ వదల్లేదు."

"అది అమ్మ ఒంటి రంగు."

ఆయన ప్యాలెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మళ్ళీ కలుపుకుంటే పోలా. ట్యూబులున్నాయిగా."

"సాయం చేసినా తప్పేనా? ఇంకెప్పుడైనా చెయ్యి పెట్టావంటే చూడు" అంది అత్తయ్య కొడుకుతో.

నిజంగానే సాయం చేశాననుకున్నాడు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు దారి లేకుండా పోయింది.

ప్యాలెట్, ట్యూబులు తీసుకుని బాల్కనీలో తడి బట్టల కింద కూర్చున్నాను. కలిపాను. ఎర్రగా వచ్చింది. మళ్ళీ కలిపితే బురదలా వచ్చింది. కళ్ళు మూసుకుని అమ్మను తలుచుకున్నాను. ఆల్బమ్‌లోని ఆ తెల్లటి ముఖమే కనిపించింది. ఎంతసేపు చూసినా అదే.

లోపల్నుంచి ఒకరి తర్వాత ఒకరు పిలుస్తున్నారు. అమ్మ పోయిన రోజు కూడా ఇలాగే పిలిచారు. వచ్చినవాళ్ళకి టీలు అందించి, పడకలు సర్ది, పిల్లలకి తినిపించాను. "గట్టి మనిషి, కంట నీరు పెట్టలేదు" అని అందరూ మెచ్చుకున్నారు. లేచి తలుపు దగ్గరగా లాగాను. ఎవరూ తెరవకుండా దానికి వీపు ఆనించి కూర్చుని, మా అమ్మ కోసం మొదటిసారి ఏడ్చాను.