నాలుగు కాళ్ళ కవరు

గొడుగు ఊచ విరిగిన చోట సన్నటి ఇనపతీగను రెండు చుట్లు చుట్టి, మూడో చుట్టు పటకారుతో బిగిస్తున్నాడు నాగభూషణం. వాన తెల్లవారుజామునుంచీ పడుతూనే ఉంది. ఏలూరు పవర్‌పేట స్టేషన్‌కి వెళ్ళే రోడ్డుమీద, ఎప్పుడో మూతపడ్డ ఒక బట్టలకొట్టు అరుగే ఆయన దుకాణం. దుకాణమంటే పెద్ద ఆర్భాటమేమీ లేదు లెండి. ఒక కుట్టుమిషను, ఒక రేకుపెట్టె, పైన నీలం పట్టా, కింద గోనెసంచి. ఆ గోనెమీద డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. పొట్టి, బక్క. కళ్ళజోడు కాడ విరిగితే దానికీ గొడుగుతీగే చుట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం మందంగా, పచ్చగా, ఊచల్ని నొక్కీ నొక్కీ చిన్న రేకుముక్కలా తయారయింది.

వానాకాలమంటే గొడుగులు బాగుచేసేవాళ్ళకి పండగని అందరూ అనుకుంటారు. పండగో, తద్దినమో ఆ గోనెమీద కూర్చున్నవాణ్ణి అడగాలి. పదినెలలు అటకమీద పడేసిన గొడుగుని మొదటి వానకి దింపి, "రెండు నిమిషాల పనే కదండీ" అంటూ జనం మీదపడతారు. ఊచలు తుప్పుపట్టి ఉంటాయి, గుడ్డ ఎలకలు కొట్టేసి ఉంటుంది. పైగా ప్రతివాళ్ళూ పోతూపోతూ ఒకటే మాట.

"దీనికి కవరుండేదండీ, ఎక్కడ పోయిందో మరి!"

ఆ మాట వింటే నాగభూషణానికి ఒళ్ళు మండుతుంది.

"పోక ఏం చేస్తుందండీ? గొడుగు విప్పగానే కవరుకి పనిలేకుండా పోయె. పనిలేనిదాన్ని ఎవరు చూసుకుంటారు?" అంటాడు. అని, రేకుపెట్టె మూత తీసి తన కవరు చూపిస్తాడు.

ఆ కవరు సంగతి చెప్పాలి. పైకి మామూలు మడతగొడుగు కవరే, కాస్త లావు. బయట నల్ల గొడుగుగుడ్డ, లోపల తాడేపల్లిగూడెం మిల్లుల బియ్యం సంచి గుడ్డ. పక్కకుట్లలో జానెడేసి పొడవున నాలుగు ఉక్కుకడ్డీలు ఉంటాయి. పాత పెద్దగొడుగుల కాడలు కోసి, కొసలు నున్నగా అరగదీసి దూర్చినవి. జిప్పు లాగి గొడుగు తీసేసుకుని, కవరు పరిచి, ఆ కడ్డీలని రెండేసి చొప్పున ఇంటూగుర్తులా తిప్పితే చిన్న పీట నిలబడుతుంది. వానలో గొడుగు మన చేతిలో ఉంటుంది, కవరు ఖాళీగా ఉంటుంది. రైలుపెట్టెలో చూస్తే కింద బురద. సంచి ఎక్కడ పెట్టుకోవాలి? దీనిమీద పెట్టుకోవాలి. పొద్దుటి పాసింజర్లో గూడెం పోయే గుమస్తాలు, పంతులమ్మలు చాలామంది సంచుల కింద ఇదే ఉంటుంది. పదేళ్ళు వాడినవాళ్ళున్నారు. ఈ కవరు పారేసుకున్నానని చెప్పినవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ లేరు.

ఎవరైనా దాన్ని అటూఇటూ తిప్పి, "ఆగుతుందంటారా?" అని సణిగితే చాలు, నాగభూషణం గొంతు లేస్తుంది.

"కొల్లేట్లో, దోనెలో, ఇరవై రెండేళ్ళు నిలబడిందండీ ఇది! మీ రైల్లో నిలబడదూ?"

ఆయన జీవితం మొత్తంమీద గొప్పగా చెప్పుకున్నది ఆ ఒక్క మాటే. పుట్టింది గూడెంలో, కిరాణా కొట్టు ఇంట్లో. అన్నదమ్ముల్లో వ్యాపారం అబ్బనివాడు ఈయన. బేరం ఆడటం రాదు, అరువు అడిగితే కాదనడం రాదు. చెయ్యి మాత్రం చురుకు. పెళ్ళయ్యాక ఏలూరు వచ్చి అరుగెక్కాడు. భార్య భాగ్యలక్ష్మి నర్సు. ఆసుపత్రిలో కాదు, కొల్లేటి లంక ఊళ్ళకి తిరిగి పసిపిల్లలకి టీకాలు వేసే నర్సమ్మ. బస్సు దిగి దోనె ఎక్కాలి. ఒక శ్రావణమాసం సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి, తడిసిన సంచిలోంచి రిజిస్టరు తీసి, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. సిరా మొత్తం కరిగిపోయింది. ఏ బిడ్డకి ఏ టీకా వేసిందో మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి.

ఆ వారం రోజులూ నాగభూషణం గొడుగు ముట్టుకుంటే ఒట్టు. కోశాడు, కుట్టాడు, విప్పాడు, మళ్ళీ కుట్టాడు. ఎనిమిదో రోజున ఆవిడ చేతిలో కవరు పెట్టాడు. సాయంత్రం వచ్చేసరికి వీధిలోనే ఎదురెళ్ళాడు.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ," అంది భాగ్యలక్ష్మి, సంచి పైకెత్తి చూపిస్తూ. "చుక్క తడవలేదు."

ఆ రోజు ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు. రిటైరయ్యేదాకా ఆవిడ దాన్ని విడిచిపెట్టలేదు. ఆవిడ పోయి ఇప్పటికి ఐదేళ్ళు. ఒక్కటి చెప్పాలి. నాగభూషణం ఎన్నడూ దోనె ఎక్కలేదు. నీళ్ళంటే చచ్చే భయం. గోదావరి వంతెనమీద రైలు పోతుంటేనే కళ్ళు మూసుకునే మనిషి. భాగ్యలక్ష్మి ఎన్నిసార్లు రమ్మన్నా, "నువ్వు వెళ్ళిరా భాగ్యం" అనేవాడు.

పదిన్నరకి విజయదుర్గ వచ్చింది. భాగ్యలక్ష్మి దగ్గర పని నేర్చుకున్న పిల్ల. పిల్లంటే నలభై దాటినావిడే. ఈమధ్యనే లంకలకి బదిలీ అయింది. ఊళ్ళకి రోడ్లు పడ్డా, వరదొచ్చి రోడ్డు మునిగితే మళ్ళీ దోనే గతి. పోయిన నెల నాగభూషణం పిలిచి మరీ ఆమెకొక కవరు కుట్టిచ్చాడు. "మీ మేడమ్‌గారిది ఎలాంటిదో అచ్చం అలాంటిదేనమ్మా" అన్నాడు.

ఆ కవరే ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. గొడుగు మూసి, అరుగు అంచున కూర్చుని, చెప్పాలా వద్దా అన్నట్టు దాన్ని ఒళ్ళో తిప్పుతోంది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోరు కదా?"

"జిప్పు పాడయిందామ్మా?"

"జిప్పు కాదండీ. దోనెలో నిలబడట్లేదండి ఇది. శనివారం పెట్టగానే ఒరిగిపోయింది. సంచి నీళ్ళలో పడి ట్యాబు పోయింది. రేపు బుధవారం కదండీ, పదకొండుమంది పసివాళ్ళకి టీకాలున్నాయి."

నాగభూషణం నవ్వాడు. "కాళ్ళు సరిగ్గా తిప్పి ఉండవులే. మా ఆవిడ ఇరవై రెండేళ్ళు వాడిందమ్మా."

విజయదుర్గ తల వంచుకుని కవరు అంచు నలుపుతోంది. అది చూశాకే ఆయనకి ఎక్కడో తేడా తగిలింది.

"ఏంటమ్మా? చెప్పు."

"దోనె నడిపే వీర్రాజు చెప్పాడండి. మేడమ్‌గారికీ నిలబడేది కాదంట. రెండు పాదాల మధ్య బిగించి పట్టుకుని కూర్చునేవారంట, అవతలి ఒడ్డు దాకా. తాడిమానుని బాడిసతో తొలిచిన దోనె కదండీ, అడుగు గుండ్రంగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. నాలుగు కాళ్ళూ ఒక్కసారి ఆనవు. 'పక్కన పడేయొచ్చు కదమ్మా' అని వీర్రాజు అన్నాడంట ఒకసారి. 'ఆయన చేశారు వీర్రాజూ' అన్నారంట."

వాన పట్టామీద చప్పుడు చేస్తోంది. నాగభూషణం పటకారు పక్కన పెట్టేశాడు. భాగ్యలక్ష్మి రోజూ సాయంత్రం గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకోవడం, "పిక్కలు లాగేస్తున్నాయండీ" అనడం, తను నూనె వెచ్చచేసి రాస్తూ, "అన్ని ఊళ్ళు నడిస్తే లాగవూ" అని కసురుకోవడం, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. నడకవల్ల కాదు. తన పీటని మోసిందావిడ, ఇరవై రెండేళ్ళు, పాదాలతో! ఎంత సిగ్గేసిందంటే ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూడలేకపోయాడు. ఆ వెనకే కోపమొచ్చింది. ఒక్క ముక్క చెప్తే సరిచేసి ఇవ్వనూ? నేనేమైనా పరాయివాణ్ణా? ఆ కోపం కూడా నిలవలేదు. చెప్తే తన మొహం ఎలా మాడిపోయేదో ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలియనిదేముంది.

"అది ఇలా ఇవ్వమ్మా," అన్నాడు చివరికి. "రేపు పొద్దున్నకి వీర్రాజు దగ్గర ఉంటుంది."

"ఇంత వానలో మీరెందుకండీ, నేనొచ్చి..."

"నేనే వెళ్తాను."

ఆమె వెళ్ళాక ఒక గంట అలాగే కూర్చున్నాడు. ఇద్దరు గొడుగులు తెచ్చి, ఈయన వాలకం చూసి వెనక్కి పోయారు. ఎదురుగా వరదానం టీ బండి ఉంది. మునిసిపాలిటీవాళ్ళు కాలవ పలకలు లేపేసి వదిలేశారు, అక్కడ సమంగా ఉన్న జాగా జానెడు లేదు. అయినా వరదానం స్టవ్వు పెట్టిన ఇనప స్టాండు బెసక్కుండా నిలబడి ఉంది. దానికి మూడే కాళ్ళు.

"ఓరి నా మొహం ఈడ్చా!" అన్నాడు నాగభూషణం పైకే.

"ఏటండీ బాబాయిగారూ?" అన్నాడు వరదానం.

"ఏమీ లేదు నాయనా. చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఉండేది ముక్కాలిపీట. దానిమీద కూర్చునే అన్నం తిన్నాను. బుర్రకెక్కలేదు."

పని మొదలెట్టాడు. నాలుగు కడ్డీలూ ఊడదీశాడు. ఒకటి పక్కన పడేశాడు. మూడింటినీ నడుమ ఒకే మరమేకుతో కలిపి, విప్పితే మూడు దిక్కులకి చాచుకునేలా చేశాడు. పై గుడ్డని మూడు మూలలకి కోసి, ఒక్కో మూలా కడ్డీ కొసకి తొడిగేలా జేబులు కుట్టాడు. మళ్ళీ చుడితే గొడుగు అందులో ఇమడాలి కదా, దానికోసం రెండుసార్లు విప్పి కుట్టాల్సొచ్చింది. ఎడమ భుజం లాగింది. మిషను తొక్కి తొక్కి అనుకున్నాడు. రెండు దాటాక పెట్టెకి తాళం వేసి, వానరోజున ఎన్నడూ లేనిది, దుకాణం కట్టేశాడు.

"భోంచేశారా?" అని అరిచాడు వరదానం.

"వచ్చి తింటాను," అన్నాడాయన, బస్సెక్కడానికి నడుస్తూ.

కొల్లేటి గట్టుమీద బస్సు దిగేసరికి నాలుగయింది. వాన తెరిపిచ్చింది. ఎటు చూసినా నీళ్ళే. చేపల చెరువుల గట్లు ఎక్కడివక్కడ మునిగి, గుర్రపుడెక్క తేలుతోంది. వీర్రాజు దోనెలో నీళ్ళు తోడుతున్నాడు. నాగభూషణం పేరు చెప్పగానే డబ్బా వదిలేసి ఒడ్డెక్కాడు.

"ఆయ్, అమ్మగారి ఆయనగారాండి! ఇన్నేళ్ళకొచ్చారు!"

"దోనె కట్టేసే ఉంచు వీర్రాజూ. నేను దిగుతాను."

వీర్రాజు రెండు చేతులూ పట్టుకుని దింపాడు. దోనె అటూఇటూ ఊగితే, "అమ్మో" అని దాని అంచులు పట్టుకుని కూలబడ్డాడు డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. ఊపు తగ్గాక కళ్ళు తెరిచి అడుగు చూశాడు. చేత్తో తడిమాడు. నిజమే. బాడిసగాట్లు, గుంటలు, మధ్యలో వేలెడు నీరు. ఏ రెండు చోట్లా ఒక్కలా లేదు.

"అమ్మగారు కూర్చునేది ఎక్కడ?"

"తమరు కూర్చున్న చోటేనండి."

నాగభూషణం కవరు విప్పి మూడు కాళ్ళు చాచాడు. ముందు పెట్టాడు. తన చేతిసంచి దానిమీద ఉంచి, చేతులు తీసేశాడు. వీర్రాజు అడక్కుండానే ఒడ్డునుంచి దోనెని కాలితో ఊపాడు. ఊగింది. నీళ్ళు చిందాయి. సంచి కదల్లేదు. మళ్ళీ ఊపమన్నాడు. ఇంకోచోట పెట్టి మళ్ళీ ఊపమన్నాడు. భయం ఎప్పుడు పోయిందో ఆయనే చూసుకోలేదు.

"నిలబడిందే, భాగ్యం," అన్నాడు. "ఇంక వదిలెయ్, కాళ్ళు చాపుకో."

వీర్రాజు మొహం అటు తిప్పుకుని తాడు సర్దాడు.

కవరుని వీర్రాజుకి అప్పజెప్పి, విజయదుర్గకి ఇమ్మని రెండుసార్లు చెప్పి, ఐదున్నర బస్సెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. గట్టు పొడుగునా నీళ్ళు పక్కనే వస్తున్నాయి. ఈసారి కళ్ళు మూసుకోలేదు, చాలాసేపు చూశాడు. ఏలూరు పాతబస్టాండులో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి, "పెద్దాయనా, ఏలూరొచ్చిందండీ" అని భుజం తట్టాడు. రెండోసారి తట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని డ్రైవర్ని పిలిచాడు.

మర్నాడు పొద్దున్నే విజయదుర్గ పవర్‌పేటలో ఆయన ఇంటికి వెళ్ళి పాదాలకి దణ్ణం పెట్టుకుంది. గూడెం నుంచి అన్నదమ్ముల పిల్లలు ఇంకా రాలేదు. వరదానం గుమ్మం దగ్గర నిలబడి, "వచ్చి తింటానన్నారండీ" అని అందరికీ చెబుతున్నాడు. ఉండాలనే ఉంది ఆమెకి. కానీ అవతల పదకొండుమంది పసివాళ్ళు.

గట్టు చేరేసరికి మళ్ళీ జల్లు మొదలైంది. వీర్రాజు కవరు అందిస్తూ, నిన్న జరిగిందంతా చెప్పాడు. ఆమె ఆయన పోయిన సంగతి చెప్పింది. వీర్రాజు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. తరవాత గెడ వేశాడు.

నడిమధ్యకొచ్చాక గాలి పెరిగి, దోనె ఒక పక్కకి ఒరిగి లేచింది. విజయదుర్గ గబుక్కున రెండు పాదాలూ ముందుకి చాచింది.

"వదిలెయ్యండమ్మా," అన్నాడు వీర్రాజు వెనకనుంచి. "అయ్యగారు చూసే వెళ్ళారు."

ఆమె పాదాలు వెనక్కి తీసుకుంది. అడుగున నీళ్ళు అటునుంచి ఇటు పారుతున్నాయి. వాటి మధ్య ఆ నల్లగుడ్డ పీట, రిజిస్టర్ల సంచిని పైన పెట్టుకుని, ఎవరూ పట్టుకోకుండా తన మూడు కాళ్ళమీద నిలబడి ఉంది.