ముప్పై ఒక్క కత్తులు

మార్చి పద్దెనిమిది, బుధవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, జపాన్‌లోని సకాయ్‌లో డెబ్బై మూడేళ్ల కమ్మరి మినోరా గెంజో తన కొలిమిలో హతనాకా సవాకో ఎడమ చేతి మీద సుత్తితో కొట్టాడు. సుత్తి బరువు కిలోన్నర. చెయ్యి దాగలి ఇనుప దిమ్మ మీద ఉంది. ఒక్కటే దెబ్బ. మూడు వేళ్లు విరిగాయి.

సమయం గురించి వాదన లేదు. టోక్యో నుంచి వచ్చిన కుసకాబే అనే వ్యాపారి అప్పుడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

గెంజో కొడుకు తకెయాకు ముప్పై తొమ్మిదేళ్లు. దెబ్బ పడేటప్పుడు తండ్రికి రెండడుగుల దూరంలో పట్టుకారు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను ఒక్క మాట చెప్పి ఉంటే ఆ దెబ్బ ఆగేది. ఆ మాట పద్నాలుగు నెలలుగా అతని నోట్లోనే ఉంది.

ఆ వీధిలో కత్తి ఒక్కరి పని కాదు. గెంజో మెత్త ఇనుము మీద ఉక్కు అతికి, సాగగొట్టి, తన పేరు అచ్చు వేసి పంపుతాడు. నాలుగిళ్ల అవతల సవాకో దాన్ని సాన పట్టి పదును తెస్తుంది. పిడి ఇంకొకరు వేస్తారు. పేరు మాత్రం కమ్మరిదే. అతుకు సరిగా పడకపోతే సాన మీద బయటపడుతుంది. వెంట్రుకంత గీత కనిపిస్తుంది. అలాంటి కత్తిని సవాకో గానీ, అంతకుముందు ఆమె తండ్రి గానీ ఉన్నదున్నట్టు తిప్పి పంపలేదు. విరిచి, రెండు ముక్కలనూ గుడ్డలో చుట్టి, వీధి లేవకముందే కమ్మరి గుమ్మం ముందు పెట్టి వెళ్లేవారు. కమ్మరి మూట తీసుకుని, బదులు కత్తి కొట్టి పంపేవాడు. దాని గురించి ఇరువైపులా ఎవరూ నోరెత్తరు. వీధిలో అది తాతల నాటి పద్ధతి. పూర్వం ఏడాదికి ఒకటో రెండో మూటలు వచ్చేవి.

నిరుడు జనవరిలో ఒక మూట తకెయా కంట పడింది. ఆ వారంలోనే ఇంకొకటి వచ్చింది. గెంజో రెండు కళ్లకూ శుక్లాలు వచ్చి అప్పటికే ఏడాదయింది. ఆపరేషన్ మాటెత్తితే, "నేను కళ్లతో కొడుతున్నానట్రా? చేత్తో కొడుతున్నాను" అనేవాడు. కానీ అతుకు చేత్తో పడదు. ఇనుము నారింజ రంగు దాటి పసుపులోకి వెళ్లే క్షణంలో సుత్తి పడాలి. గెంజో ఆ క్షణానికి ముందే కొడుతున్నాడు.

తకెయా మూటల్ని తండ్రి లేవకముందే తీసి బొగ్గుల పెట్టె అడుగున దాచాడు. ఆదివారం మధ్యాహ్నాలు తండ్రి గో అనే గళ్ల బల్ల ఆటకు వెళ్లినప్పుడు బదులు కత్తులు తనే కొట్టాడు. వాటి మీద తండ్రి పేరే అచ్చు వేశాడు. మార్చి పద్దెనిమిది నాటికి ముప్పై ఒక్క మూటలు వచ్చాయి.

ఆ రోజు కుసకాబే ఒక హోటల్ వంటగదికి అరవై కత్తులు చెప్పడానికి వచ్చాడు.

"మాస్టారూ, ఈ సుత్తి మచ్చలు చెరపకుండా వదిలేయండి. చేతిపని అని చూడగానే తెలియాలి."

"మచ్చలు మిగిలాయంటే పని మిగిలిందని అర్థం," అన్నాడు గెంజో. "మీ దర్జీ చొక్కాకి దారాలు వేలాడేసి ఇస్తే, చేతిపని అని తొడుక్కుంటావా?"

"మీ మాట రికార్డయింది, మాస్టారూ."

"కానివ్వు. మీ టోక్యోవాళ్లు కూడా కాస్త నేర్చుకుంటారు."

అప్పుడు సవాకో ముందు తలుపులోంచి వచ్చింది. ఆమెకు నలభై ఆరేళ్లు. రబ్బరు ఏప్రన్ విప్పలేదు. మోచేతుల దాకా సాన బురద. చేతిలో పిడి లేని కత్తి ఉంది.

"బాబాయ్, ఒక్క నిమిషం."

"సాన ఆపి వచ్చావేంటమ్మా? మీ నాన్న ఉంటే తన్నేవాడు."

"తన్నేవాడే. ముందు ఇది చూడండి. అతుకు దగ్గర."

గెంజో కత్తిని కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో తడిమాడు. వేలు గీత మీదుగానే పోయింది.

"ఏం లేదు."

"ఉంది."

"లేదంటుంటే! ఒరేయ్, నువ్వు చూడు."

తకెయా చూశాడు. గీత వేలెడు పొడవుంది.

"ఇక్కడ వెలుగు చాలట్లేదు నాన్నా," అన్నాడు.

"వెలుగు చాలట్లేదా, తమ్ముడూ?" అంది సవాకో. ఆమె గెంజో వైపు తిరిగింది. "పోయిన నెల క్యోటోలో ఓ వంటవాడు చేప తల కొడుతుంటే కత్తి అతుకు ఊడింది. ఉక్కు ముక్క అతని బొటనవేలి నరం తెంపేసింది. కత్తి మీద మీ పేరుంది. నా సాన దాటి వెళ్లిన కత్తే అది. నా కంటికీ ఆనలేదు. అందులో సగం తప్పు నాది. ఇంక మూటలు పెట్టి ఊరుకోవడం నావల్ల కాదు బాబాయ్."

"ఏం మూటలు?"

"మూటలేంటి?" అడిగాడు కుసకాబే. గెంజో సవాకో వైపే చూస్తున్నాడు.

"నలభై ఏళ్లలో మీ ఇంటి నుంచి నా గుమ్మానికి ఎన్ని మూటలొచ్చాయో లెక్క చెబుతాను," అన్నాడు గెంజో. "ఏడాది పైనే అయింది, ఒక్కటీ లేదు. ఇప్పుడు పై మనిషిని చూసుకుని నా కొలిమిలోకొచ్చి నా పేరు తీస్తావా?"

"ఒక్కటీ రాలేదా?"

"ఒక్కటీ."

సవాకో తకెయాను చూసింది. తకెయా పట్టుకారును చూస్తున్నాడు.

"బదులు కత్తుల్లో నీ చెయ్యి కనిపిస్తూనే ఉంది," అంది. "బాబాయే నీకు అప్పజెప్పాడనుకున్నాను. చెప్పు తమ్ముడూ. నువ్వు చెబితేనే బాగుంటుంది."

తకెయా రెండుసార్లు నోరు తెరిచి మూశాడు.

సవాకో కత్తిని దాగలి అంచు మీద పెట్టింది. ఎడమ చేత్తో అదిమి పట్టి, పక్కనున్న చిన్న సుత్తి తీసుకుని కొట్టింది. కత్తి విరిగింది. విరిగినచోట ఉక్కు ఒక ముక్కగా, ఇనుము ఒక ముక్కగా విడిపోయాయి.

"నా దాగలి మీదా!" అన్నాడు గెంజో. సుత్తి ఎత్తి కొట్టాడు. కత్తి విరగడానికీ ఆ దెబ్బకూ మధ్య రెండు సెకన్లు. ముక్కల్ని కొడతాడనుకున్నానని తకెయా తర్వాత పోలీసులకు చెప్పాడు.

సవాకో వెంటనే అరవలేదు. కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని నేల మీద కూర్చుంది. వాంతి చేసుకుంది. తర్వాత అరిచింది. కుసకాబే చేతిలోంచి ఫోన్ జారి వెల్లకిలా పడింది. అక్కడి నుంచి వీడియోలో పైకప్పు కనిపిస్తుంది, మాటలు వినిపిస్తాయి.

"ముప్పై ఒకటి వచ్చాయి!" అది తకెయా గొంతు. "నాన్నా, ముప్పై ఒకటి వచ్చాయి. అన్నీ నేనే తీసేశాను."

అతను బొగ్గుల పెట్టె లాగి బోర్లించాడు. మూటలు దొర్లాయి. గెంజో ఒక మూట విప్పాడు. ముక్కను కంటికి ఆనించుకున్నాడు. తర్వాత వేలితో విరిగిన అంచు తడిమాడు. వేలు తెగింది. ఇంకోటి విప్పాడు.

"బదులు ఎవడు కొట్టాడు?"

"నేనే. ఆదివారాలు."

"అచ్చు?"

"మీదే."

గెంజో కొలిమి పక్కనున్న ఇనుప కడ్డీతో కొడుకును భుజం మీద కొట్టాడు. కాలర్ ఎముక విరిగింది. రెండో దెబ్బ మూతి మీద పడింది. రెండు పళ్లు ఊడాయి. తకెయా చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడోసారి కడ్డీ ఎత్తి, గెంజో దాన్ని గోడకేసి విసిరేశాడు.

గోడ బల్ల మీద సానకు పంపడానికి సిద్ధం చేసిన ఇరవై నాలుగు కత్తులున్నాయి. తకెయా ఆదివారం కొట్టినవీ వాటిలోనే కలిసి ఉన్నాయి. గెంజో ఒకటి తీసి దాగలి మీద పెట్టి కొట్టాడు. విరిగింది. అతుకు పట్టే ఉంది. రెండోది పెట్టాడు. అతుకు ఊడింది. మూడోది పెట్టాడు.

కుసకాబే ఫోన్ ఏరుకుని, తలుపు దగ్గర నిలబడి అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. ఊరి పేరు రెండుసార్లు తప్పు చెప్పాడు. తకెయా దెబ్బ తగలని వైపు చేత్తో సవాకో చేతికి తువ్వాలు చుట్టి అదిమాడు. అతని నోట్లోంచి రక్తం ఆమె ఏప్రన్ మీద పడుతోంది.

"ఆపనా అక్కా?" అన్నాడు.

"ఇప్పుడా అడిగేది, సన్నాసీ? కొట్టనీ. నువ్వు లెక్కపెట్టు."

అంబులెన్స్ పదీ యాభై రెండుకు, పోలీసులు పదీ యాభై ఎనిమిదికి వచ్చారు. అప్పటికి పంతొమ్మిది కత్తులు విరిగాయి. ఎగిరిన ముక్క తగిలి గెంజో చెంప తెగింది.

"సుత్తి కింద పెట్టండి, పెద్దాయనా," అన్నాడు పోలీసు.

"ఇంకా ఐదున్నాయి."

"కింద పెట్టండి."

గెంజో అతన్ని మోచేత్తో తోసి ఇరవయ్యో కత్తి అందుకోబోయాడు. ఇద్దరు పోలీసులు అతన్ని పడేసి, వీపు మీద మోకాలు పెట్టి, చేతులు వెనక్కి విరిచారు. ముఖం నేల మీది ఇనుప పొట్టులో ఉంది. అలాగే అడిగాడు.

"ఎన్ని ఊడాయిరా?"

"ఎనిమిది," అన్నాడు తకెయా.

"అందులో నీవెన్ని?"

తకెయా సవాకో వైపు చూశాడు. ఆమె స్ట్రెచర్ మీద ఉంది. తల ఊపింది.

"నావి ఏవీ లేవు. ఎనిమిదీ మీవే, నాన్నా."

గెంజో పెనుగులాడటం మానేశాడు.

సవాకోకు ఒంటి గంటకు శస్త్రచికిత్స మొదలైంది. చూపుడువేలు, మధ్యవేలు పనిచేస్తాయని, ఉంగరపు వేలు వంగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అన్నాడు. తకెయాను కట్టు కట్టి పంపేశారు. అతను తండ్రి ఉన్న స్టేషన్‌కు నడిచి వెళ్లాడు.

రెండూ ఐదుకు వివరాల నమోదు మొదలైంది. గెంజో పేరు, వయసు, చిరునామా చెప్పాడు. కొట్టిన మాట నిజమేనన్నాడు. బల్ల అవతలి అధికారి వృత్తి ఏమిటని అడిగాడు. గెంజో తెగిన వేలు తడుముకున్నాడు.

"కమ్మరి అని రాసుకోనా?"

"వద్దు."

"మరేం రాయమంటారు?"

గెంజో తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు వైపు ముఖం తిప్పాడు. అతను కనిపించాడో లేదో తెలియదు.

నమోదు పత్రంలో వృత్తి అన్న గడిలో "ఏదీ లేదు" అని ఉంది. కింద గెంజో వేలిముద్ర ఉంది.